మిల్లీమీటరు గారి యథాతథం

చొక్కా జేబులో పెన్ను పెట్టుకునేవాళ్ళను చూశాం, కళ్ళజోడు పెట్టుకునేవాళ్ళను చూశాం. ఈయన మందాలు కొలిచే కాలిపర్సు పెట్టుకుంటాడు. పరామర్శకు వెళ్ళినా అది జేబులోనే ఉంటుంది. పక్కవీధిలో ఒకాయన కాలు విరిగి మంచాన పడితే చూడడానికి వెళ్ళి, కాలి గురించి ఒక్క మాటైనా అడక్కుండా, గోడ గడియారం వంకరగా ఉందని చెప్పి, టీ తాగి వచ్చిన ఘనుడు. తూనికలు కొలతల శాఖలో ముప్పై నాలుగేళ్ళు ఇన్‌స్పెక్టరుగా చేశాడు. కొట్లవాళ్ళు చాటుగా 'మిల్లీమీటరు' అని పేరు పెట్టారు. వాళ్ళు తిట్టనుకుని పెట్టారు, ఈయన బిరుదనుకుని పుచ్చుకున్నాడు.

లంచం తీసుకోలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ తీసుకునేవాడే నయమని కొట్లవాళ్ళు వాపోయేవారు. తీసుకునేవాడు కనీసం కుర్చీలో కూర్చుని పిల్లల చదువులెలా ఉన్నాయని అడిగి పోతాడు. ఈయన నిలబడే ఉండి, తక్కెడ కేసి చూసి, దాని వెనకాల ఉన్న మనిషి కేసి పురుగును చూసినట్టు చూసి, చీటీ రాసి చేతిలో పెట్టేవాడు.

అలాంటి మనిషి రిటైరైతే ఇంట్లోవాళ్ళ గతేమిటి? ఆయన భార్య అదే భయపడింది. ఆవిడ అదృష్టం బాగుండి ఆయనకు పాత ఇంజన్ల పిచ్చి పట్టుకుంది. ఇంటి వెనక కారు లేని కారుషెడ్డు ఒకటుంది. అందులోకి ఒకదాని వెనక ఒకటి వచ్చి చేరాయి: నీళ్ళ తోడుడు ఇంజను, మందు కొట్టే యంత్రం, గడ్డి కోసే మిషను, పెళ్ళిళ్ళలో లైట్లు వెలిగించి వెలిగించి మూగబోయిన జనరేటరు. అన్నీ నలభై, యాభై ఏళ్ళ కిందటివి. వాటిని నట్టు నట్టు విప్పి, కిరసనాయిల్లో నానబెట్టి, తుప్పు గీకి, మళ్ళీ కంపెనీ గేటు దాటిన రోజున ఎలా ఉన్నాయో అలా చేస్తాడు. అలా అంటే అలాగే. అప్పటి బోల్టు తల మీద ముద్ర ఉంటే, ఇప్పటి బోల్టు తల మీదా అదే ముద్ర ఉండాలి. రంగు కూడా ఆ కంపెనీ వేసినంత పల్చగానే ఉండాలి.

"మిక్సీ చెడిపోయి నాలుగు నెలలైందమ్మా," అని ఆయన భార్య పక్కింటావిడతో అంది ఒకసారి. "బాగు చేయమంటే, అది ఇంకా పాతబడలేదంటారు. ముప్పై ఏళ్ళు ఆగితే అప్పుడు విప్పుతారు కాబోలు."

ఊళ్ళో ఇలాంటివాళ్ళు పదకొండు మంది ఉన్నారు. 'పాత ఇంజన్ల మిత్రమండలి' అని పేరు పెట్టుకున్నారు. మిత్రులన్నది పేరులోనే. ఒకడి ఇంజను చప్పుడు ఇంకొకడికి గిట్టదు. అందులో పళ్ళ డాక్టరొకడు కార్యదర్శి. అతను ప్రతిదానికీ మూడు పూతలు రంగేసి, అద్దంలా మెరిపించి, పక్కన నిలబడి ఫొటోలు దిగుతాడు. మిల్లీమీటరు గారు అతన్ని సున్నాలేసే మేస్త్రీ అంటాడు. మొహం మీదే అంటాడు.

ఆయన లెక్కలో రంగులవాళ్ళకన్నా కిందిరకం ఇంకోటుంది. వాళ్ళు అతుకులవాళ్ళు. విరిగినచోట చేతికి దొరికిన ఇనప ముక్క పెట్టి వెల్డింగు చేసేవాళ్ళు, స్ప్రింగు పోతే సైకిలు ట్యూబు కట్టేవాళ్ళు, కంపెనీ వాడి బుర్రకన్నా తమ బుర్ర గొప్పదనుకుని కొత్తకొత్త చిల్లులు పొడిచేవాళ్ళు. వాళ్ళ పేరెత్తితేనే ఈయన ముఖం చేదు తిన్నట్టయ్యేది. ఆ జాతికి రాజు ఆయన సొంత అన్న. పోయి పద్నాలుగేళ్ళయినా తమ్ముడి దగ్గర ఆ బిరుదు పోలేదు.

అన్న ఈయనకన్నా ఇరవై ఏళ్ళు పెద్ద. ఒక పాత ట్రాక్టరు కొని అద్దెకు దున్నేవాడు. పెళ్ళయిన రెండేళ్ళకే ట్రైలరు మీంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాడు. మళ్ళీ సీటెక్కలేదు. పందొమ్మిదేళ్ళ వదిన ఎక్కింది. అందరూ నవ్వారు. నవ్వినవాళ్ళ పొలాలు కూడా ఆవిడే దున్నింది. నలభై ఏళ్ళ పాటు ఆ ఇల్లు ఆ ట్రాక్టరు మీద నడిచింది. తల్లి లేని ఈ మరిది తిన్న కంచం, హాస్టలు చదువు, కాలేజీ చదువు, ఇన్‌స్పెక్టరు పరీక్షకు కట్టిన రుసుము, అన్నీ దాని మీదే. ఆ సంగతి ఆయనెప్పుడూ కాదనలేదు. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పనూ లేదు. సెలవులకు వచ్చినప్పుడు ఆవిడ ట్రాక్టరు మీద పోతుంటే ఈయన పుస్తకంలో తల దూర్చేవాడు. ఆడమనిషి ట్రాక్టరు తోలడమేమిటని నామోషీ.

ఆ ట్రాక్టరు వదిన ఇంటి పక్కన పాకలో పద్నాలుగేళ్ళుగా పడి ఉంది. ఈయనకు దాని మీద కన్నుపడి రెండేళ్ళయింది. ఆ కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఆ రకం బండి ఇంకోటి కనపడదు. ఒక ఆదివారం వెళ్ళి అడిగాడు.

వదినకు అప్పటికి డెబ్భై నాలుగు. గుమ్మంలో కూర్చుని కాయగూరలు తరుగుతోంది. తరుగుతున్నది కత్తి కేసి చూసి కాదు, వేళ్ళతో తడుముకుని.

"తీసుకెళ్ళు చిన్నోడా," అంది. ఆ వయసులో కూడా ఆయన ఆవిడకు చిన్నోడే. "కానీ ఒక్క మాట. కుడికన్ను పోయింది. ఎడంకంటికి డాక్టరు రెండేళ్ళు గడువిచ్చాడు. ఆ లోపల బాగు చెయ్యి. బాగయ్యాక మొదట నేను ఎక్కాలి. ఒక్క నాగటిచాలు దున్నుకుంటా. తర్వాత నీ ఇష్టం, పూజలు చేసుకుంటావో, పువ్వులు పెట్టుకుంటావో."

"రెండేళ్ళెందుకు వదినా, ఏడాదిలో నిలబెడతాను," అన్నాడు.

ఏడాదిలో నిలబడేదే. పిస్టను బిగుసుకుపోయి ఉంటే, డీజిలూ కిరసనాయిలూ కలిపి పోసి, ఆరు వారాలు రోజూ చెక్కతో తట్టి తట్టి కదిలించాడు. నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటో తీగ తన చేత్తో చుట్టాడు. పని తెలిసినవాడు, అందులో వంక పెట్టలేం. తొమ్మిదో నెలకే ఇంజను తిరగడానికి సిద్ధంగా ఉంది. కానీ రేడియేటరు ముందున్న నాలుగు బోల్టుల్లో ఒకదాని తల మీద కంపెనీ ముద్ర లేదు. ఆ ఒక్క బోల్టు కోసం ఐదు నెలలు ఉత్తరాలు రాశాడు. బోల్టు దొరికాక రంగు ఛాయ కుదరలేదని ఇంకో మూడు నెలలు. అక్కడొక మనిషి కన్ను ఆరిపోతున్న దీపంలా ఉంది, ఇక్కడ ఈ పెద్దమనిషి బోల్టు తలకాయ పట్టుకుని కూర్చున్నాడు. ఇలాంటివాళ్ళను ఏమనాలో నాకైతే మాట దొరకడం లేదు.

నెలకోసారి వదిన ఫోను చేసేది.

"అయిందా?"

"అవుతోంది వదినా. తొందరపడితే కుదిరే పనా ఇది?"

"నాక్కాదురా తొందర, కంటికి. నిన్న నీళ్ళ గ్లాసనుకుని గాలిని పట్టుకున్నాను."

"డాక్టరుకు చూపించు," అనేవాడు. ఫోను పెట్టేసి మళ్ళీ తుప్పు గీకే ఎమిరీ పేపరు అందుకునేవాడు.

ఈ పనిలో ఆయనకు అన్నిటికన్నా సుఖమిచ్చింది అన్న అతికించినవన్నీ పీకెయ్యడం. పద్నాలుగు తేలాయి. క్లచ్చి పెడలు మీద మేకులు కొట్టిన లావుపాటి చెక్కముక్క. సీటు కింద కంపెనీ పెట్టని చోట నాలుగు చిల్లులు. స్టీరింగుకు చుట్టిన తాడు. ఇంకా బోలెడు. ఒక్కొక్కటి తీసేముందు ఫొటో తీసి, కొలిచి, నల్ల అట్ట పుస్తకంలో నంబరు వేసి, ముత్యాల్లాంటి అక్షరాలతో తన అభిప్రాయం రాసుకునేవాడు. రాసేటప్పుడు పెదవుల మీద సన్నగా నవ్వు. ఆఫీసులో చీటీలు రాసేటప్పుడు ఉండే నవ్వే. పీకిన ఇనుమంతా పాత సామాన్లవాడికి ఇచ్చేశాడు. చెక్కముక్కను పొయ్యిలో పెట్టి గ్రీజు వేడి చేసుకున్నాడు.

ఒక మధ్యాహ్నం హాండిలు తిప్పితే మూడో తిప్పుకు ఇంజను అందుకుంది. ఆయన భార్య వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"మీ వదినకు ఫోను చేయండి," అంది.

"తొమ్మిది రోజుల్లో ప్రదర్శన ఉంది. అది అయ్యాక."

"మొదట తనే ఎక్కాలందిగా ఆవిడ?"

"ఆవిడ ఎక్కి పొలంలోకి దింపితే టైర్లకు మట్టి అంటదూ? న్యాయనిర్ణేతలు టైరు గాట్లు కూడా చూస్తారు. ప్రదర్శనలోనే, అందరి ముందూ ఎక్కిస్తాను. ఆవిడకూ గౌరవంగా ఉంటుంది."

"గౌరవం ఎవరికో," అని ఆవిడ లోపలికి పోయింది.

మిత్రమండలి ఏటా ఒక బడి మైదానంలో ప్రదర్శన పెడుతుంది. అక్కడ 'యథాతథం' అని ఒక ఇత్తడి బిళ్ళ ఇస్తారు. కంపెనీది కానిది ఒక్క ముక్క కూడా లేని యంత్రానికే అది దక్కుతుంది. ఆరేళ్ళుగా ఎవరికీ దక్కలేదు. మండలివాళ్ళు ఆ బిళ్ళ కోసం పడే తాపత్రయం చూస్తే జాలి కూడా వెయ్యదు. డెబ్భై ఏళ్ళ మనిషి నేల మీద వెల్లకిలా పడుకుని ఎదుటివాడి ఇంజను కింద దొంగ నట్టు ఎక్కడైనా ఉందేమోనని టార్చిలైటు వేసి వెతుకుతాడు. దొరికితే ఆ ముఖంలో కనపడే వెలుగు ఆ టార్చికి కూడా ఉండదు.

ఆ రోజు మిల్లీమీటరు గారు ట్రాక్టరును లారీ మీంచి తనే దింపి, మైదానం మధ్య దాకా తనే తోలుకొచ్చాడు. ముప్పై గజాలు తోలడం తోలడమే కాదని మనసుకు సర్దిచెప్పుకున్నాడు. పక్కనే ఒక పెద్ద అట్ట నిలబెట్టి, నల్ల పుస్తకంలోని పద్నాలుగు ఫొటోలూ, వాటి కింద తన వ్యాఖ్యలూ అంటించాడు. పని ఎంత చెడిపోయిన స్థితిలో మొదలైందో జనానికి తెలియాలి కదా. పళ్ళ డాక్టరు రెండుసార్లు బండి కిందికి దూరి, రెండుసార్లూ ఉత్త చేతులతో పైకి వచ్చాడు. పదకొండు గంటలకు బిళ్ళ ఇచ్చేశారు. మిల్లీమీటరు గారు దాన్ని రెండు చేతులతో పుచ్చుకుని, దాని మందం కొలవాలన్న కోరికను అతికష్టం మీద ఆపుకున్నాడు.

అప్పుడు మైకు తీసుకున్నాడు. "ఈ బండిని ఒకప్పుడు నడిపిన మా వదినగారు ఇప్పుడు మీ ముందు దీన్ని మళ్ళీ నడుపుతారు," అన్నాడు.

వదిన పొద్దుటి నుంచీ కుర్చీలో కూర్చుని ఉంది. వ్యానులో మూడు గంటలు ప్రయాణం చేసి వచ్చింది. మంచి బట్టలు కట్టుకుంది. చేయి పట్టుకోబోయిన పళ్ళ డాక్టరును పక్కకు తప్పించి, తడుముకుంటూ వచ్చి, ఎక్కడ కాలు పెట్టాలో కాలికే గుర్తున్నట్టు ఎక్కేసింది. సీట్లో కూర్చుంది. స్టీరింగు మీద రెండు చేతులూ వేసింది. ఆ ముఖం ఒక్కసారిగా ఇరవై ఏళ్ళు వెనక్కి పోయింది. చూసినవాళ్ళందరికీ తెలిసింది.

ఎడమకాలు చాపింది. పెడలు అందలేదు.

ముందుకు జరిగింది. మళ్ళీ చాపింది. కాలి వేళ్ళకూ పెడలుకూ మధ్య ఇంకా నాలుగు వేళ్ళ ఖాళీ. సీటు అంచుకు వచ్చి, ఒళ్ళంతా సాగదీసి, బొటనవేలు ఆనించింది. ఆనింది కానీ దిగలేదు. జనంలో ఎవరో కిసుక్కుమన్నారు.

"ఇంకొంచెం ముందుకు జరుగు వదినా," అన్నాడు ఈయన.

"ముందుకు జరిగితే కింద పడతాను. చెక్క ఏదిరా?"

"ఏ చెక్క?"

"క్లచ్చి మీది చెక్క. సీటు కూడా వెనక్కి పోయిందేం?"

"అవన్నీ కంపెనీవి కావు వదినా. తీసేశాను. ఇప్పుడు ఉన్నదే అసలుది."

 ఆవిడ మెల్లగా దిగింది. అట్ట ముందు జనం మూగి ఉండడం ఒక్క కంటితోనే చూసింది కాబోలు, అటు నడిచింది. జానెడు దూరంలో ముఖం పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పైకి చదవడం మొదలుపెట్టింది.

"మూడు. క్లచ్చి పెడలుపై చెక్కముక్క. చేసినవాడికి యంత్రమంటే ఏమిటో తెలియదు." ఊపిరి తీసుకుంది. "నాలుగు. సీటు ముందుకు జరిపిన కొత్త రంధ్రాలు. కొలత తెలియని మూర్ఖుడి పని. పూడ్చబడినవి."

ఇంక చదవలేదు. మైదానంలో వందమంది ఉన్నారు. దూరంగా ఎవడి ఇంజనో ఒకటి టుక్కు టుక్కుమంటోంది.

"ఇంతమంది ముందు మీ అన్నను మూర్ఖుడన్నావు," అంది. గొంతు పెంచలేదు. "పోనీ. పోయినవాడికి వినపడదు. నేనున్నానుగా, నేను దేన్ని తొక్కాలి?"

"చెక్క ఉంటే బిళ్ళ ఇవ్వరు వదినా," అన్నాడు. నోట్లోంచి వచ్చింది ఆ మాటే. నమ్మండి, ఆ క్షణంలో ఆ మనిషికి తట్టింది అదే.

"నువ్వు దీన్ని బాగు చెయ్యలేదు చిన్నోడా. నేను మీ ఇంటికి రాకముందటి బండిని తెచ్చి నా ముందు పెట్టావు. దాంతో నాకేం పని?"

వచ్చిన వ్యానులోనే వెళ్ళిపోయింది. భోజనానికి కూడా ఆగలేదు.

మిల్లీమీటరు గారికి తల కొట్టేసినట్టయిందని రాస్తే అబద్ధమవుతుంది. ఆ సాయంత్రం ఆయనకు వచ్చింది కోపం. అందరి ముందూ పరువు తీసిందని భార్య దగ్గర ఎగిరాడు. ఆవిడ విని, కంచం ఆయన ముందు పెట్టి, "ఆవిడ కాలు ఎంత పొడుగో మీకు తెలుసా?" అని అడిగింది.

"నాకెందుకు తెలుస్తుంది?"

"కొలతల ఇన్‌స్పెక్టరు కదా, తెలుసేమోనని," అని నీళ్ళు తేవడానికి వెళ్ళింది.

 ఆ మాట ఆయనకు రెండు రోజులు మింగుడు పడలేదు. మూడో రోజు పొద్దున్నే పాత సామాన్లవాడి దగ్గరికి పోయాడు. ఎనిమిది నెలల కింద ఇచ్చిన ఇనుము ఉందా అని అడిగాడు. వాడు ఈయన్ని ఎగాదిగా చూసి, ఎనిమిది గంటల కిందటిదే ఉండదండీ, కరిగించేశారు అన్నాడు. తిరిగొచ్చి నల్ల పుస్తకం తెరిచాడు. చెక్క మందం రాసి ఉంది: ఒకవైపు అరవై రెండు మిల్లీమీటర్లు, రెండోవైపు డెబ్భై ఒకటి. పక్కనే తన వ్యాఖ్య: 'మందం కూడా సమానంగా చెక్కడం రాలేదు.' దాన్ని చాలాసేపు చూశాడు.

ఆ మధ్యాహ్నం స్టీలు టేపు జేబులో వేసుకుని వదిన ఇంటికి బయలుదేరాడు.

ఆవిడ తలుపు తీసింది కానీ కూర్చోమనలేదు. తనే కూర్చుంది. "మళ్ళీ ఏమిటి?" అంది.

"కాలు కొలవాలి వదినా. చెక్క చేస్తాను."

"నీకెందుకురా ఆ అతుకుల పని? పరువు పోదూ?"

 నేల మీద మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆవిడ అయిష్టంగానే కాళ్ళు ముందుకు పెట్టింది. కుడికాలు కొలిచాడు, చీటీ మీద రాసుకున్నాడు. ఎడమకాలు కొలిచాడు. టేపు తప్పు పట్టుకున్నానేమోనని మళ్ళీ కొలిచాడు. మూడోసారి కొలిచాడు. ఎడమకాలు ముప్పై మిల్లీమీటర్లు పొట్టి. మడమ కూడా ఒకవైపుకు వాలి ఉంది. చెక్క ఒకవైపు ఎత్తుగా ఎందుకుందో ఆ మడమను చూస్తే తెలిసిపోతుంది.

"ఎప్పటి నుంచి వదినా?"

"పుట్టినప్పటి నుంచి."

"నాకెవరూ చెప్పలేదే."

"రోజూ నీ ముందే నడిచేదాన్నిగా. ఇంకా చెప్పేదేముంది?" అంది. "మీ అన్న పెళ్ళిచూపుల్లోనే కనిపెట్టాడు. తక్కెళ్ళలో గురిగింజంత తేడా పట్టుకుంటావని పేరు. మీ వదిన కుంటిదని అరవై ఏళ్ళకు తెలిసింది నీకు."

ఆయన తల ఎత్తలేదు. అరవై ఒకటో ఏట, ఆవిడ రెండు పాదాల మధ్య నేల కేసి చూస్తూ, ఆ మనిషి మొదటిసారి సిగ్గుపడ్డాడు. అంతకు ముందెప్పుడూ అలవాటు లేదేమో, ఎలా పడాలో కూడా సరిగ్గా తెలియలేదు. టేపు చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టాడు.

ట్రాక్టరును లారీ మీద వదిన ఇంటికే తెచ్చాడు. పాక ముందు కూర్చుని చెక్క చెక్కాడు. పుస్తకంలోని కొలతల ప్రకారం చేసి పెడితే ఆవిడ తొక్కి చూసి, కాదంది. పద్నాలుగేళ్ళలో ఆవిడ మోకాలు కూడా అరిగింది మరి. ఎంత తగ్గించాలంటే, "కాస్త" అంది. తగ్గించాడు. "ఇంకాస్త" అంది. కాస్త అంటే ఎంతని అడగబోయి నోరు మూసుకున్నాడు. మొదటి చెక్క పనికి రాకుండా పోయింది. రెండోది చీలింది. మూడోదాన్ని ఆవిడ పాదం కింద పెట్టి, ఆవిడ కాలు కదిపే తీరు చూస్తూ, కాలిపర్సు ముట్టుకోకుండా చెక్కాడు. సీటు కింద తను నింపి, అరగదీసి, రంగేసిన నాలుగు చిల్లులను మళ్ళీ తనే పొడిచాడు. రంగు పెచ్చులు పెచ్చులుగా లేచింది.

ఈ సంగతి పళ్ళ డాక్టరుకు ఎలా తెలిసిందో తెలిసింది. మండలిలో ఇలాంటివాటికి ఉప్పు ఇట్టే అందుతుంది. ఫోను చేశాడు.

"సార్, నిబంధన మీకు తెలియంది కాదు. కంపెనీది కానిది పెడితే బిళ్ళ వెనక్కి ఇచ్చేయాలి. అడగడానికి నాకే ఇబ్బందిగా ఉంది," అన్నాడు. గొంతులో ఇబ్బంది ఏమీ లేదు, పండగలా ఉంది.

"వచ్చి తీసుకెళ్ళు," అన్నాడు మిల్లీమీటరు గారు. "మా ఇంట్లో మిక్సీ పక్కన పెట్టాను."

మర్నాడు ఉదయం వదిన ఇంటి వెనక ఉన్న పొలంలో బండికి నాగలి తగిలించాడు. వదిన ఎక్కింది. ఎడమకాలు చాపింది. చెక్క ఆనింది. తొక్కితే పెడలు కిందిదాకా దిగింది. ఆవిడ ఇటు తిరిగి చూడలేదు. గేరు వేసింది. ఆ గేరు పళ్ళు కరకరలాడిన తీరు వింటే ఆయన పాత రోజుల్లో అయితే నెత్తీ నోరూ కొట్టుకునేవాడు. ఇప్పుడు రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ట్రాక్టరు కదిలింది.

చాలు వంకరగా వచ్చింది. మామూలు వంకర కాదు. ఎడంకంటికి కనపడినంత మేర బాగానే పోయి, కనపడనిచోట కుడివైపుకు వాలి, మళ్ళీ సర్దుకుంది. ఆవిడకు అదేమీ పట్టలేదు. వీపు నిటారుగా పెట్టి, గాలి ముఖాన కొడుతుంటే, చివరిదాకా పోయి, తిప్పుకుని వచ్చి ఆయన ముందు ఆపింది. ఇంజను ఆపలేదు. చెమట పట్టిన ముఖం వెలిగిపోతోంది. ఆవిడకు అడిగినది దక్కింది.

"ఎక్కు," అంది. "ఇంకో చాలు వేద్దాం."

"ఎక్కడ కూర్చోను వదినా?"

"ఎక్కడేమిటి, నీ చోట్లోనే. మడ్‌గార్డు మీద."

నీ చోటు అని ఎందుకందో అర్థం కాలేదు. ఎక్కాడు. ఇనుము నున్నగా ఉంది, కూర్చుంటే జారుతోంది. చేయి అటూ ఇటూ వెతుక్కుంది.

"దేన్ని పట్టుకోను?"

"లోపలివైపు రింగుంటుంది చూడు. చేత్తో తడుము, తగులుతుంది," అంది ఆవిడ ముందుకే చూస్తూ. "మీ అన్న నడుం విరిగి మంచంలో ఉన్నప్పుడు, పక్కింటివాణ్ణి బతిమాలి పొలం గట్టు మీదికి మోయించుకుని వచ్చి మరీ వెల్డింగు చేశాడు. నీకు నాలుగేళ్ళు. ఇంట్లో చూసేవాళ్ళెవరున్నారు? నీ నడుముకూ ఆ రింగుకూ తువ్వాలు కట్టి దున్నేదాన్ని. రెండేళ్ళు అక్కడే పెరిగావు. అన్నం అక్కడే, నిద్రా అక్కడే. దొరికిందా?"

పుస్తకంలో అది తొమ్మిదో నంబరు. దాని కింద తన ముత్యాల్లాంటి అక్షరాలతో ఏం రాశాడో ఆయనకు గుర్తుంది. 'దేనికో తెలియదు. అనవసరం.' ఆ వెల్డింగు మచ్చ కనపడకుండా ఒక పూటంతా గ్రైండరు పట్టాడు. వేలుతో తడిమితే ఆనవాలు కూడా తగలకూడదని పట్టాడు. తగలడం లేదు.

"దొరికిందా అంటే పలకవేం?"

 ఆయన చేయి ఆ నున్నటి ఇనుము మీద ఇంకా తడుముతూనే ఉంది. ఆవిడ తల తిప్పి, ఉన్న ఆ కాస్త చూపుతో ఆ చేతి కేసి చూసింది.

"అదీ తీసేశావూ," అంది. చూపు మళ్ళీ ముందుకు తిప్పుకుంది. "అయితే దిగు. పడిపోతావు. నడిచి రా."

ఆయన దిగాడు. ఆవిడ క్లచ్చి వదిలింది. ఆయన చాల్లోకి దిగి, ట్రాక్టరు వెనకాల నడిచాడు.